ఇల్లు ఎక్కడ కొనాలి? టోలిచౌకి, మియాపూర్‌లు మాకు నేర్పిన పాఠాలు

(జిల్లాల నుండి వచ్చి హైదరాబాదులో స్థిరపడిన తెలుగు ముస్లిం కుటుంబాల సమావేశంలో ఒక దంపతులు చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మాట్లాడేందుకు మాకున్న అర్హత ఒక్కటే. మేము న్యాయవాదులం కాము, స్థిరాస్తి వ్యాపారులమూ కాము. మాలో ఒకరు పాఠశాలలో ఉపాధ్యాయిని, మరొకరు గచ్చిబౌలి వైపు ఒక కార్యాలయంలో లెక్కలు చూసే ఉద్యోగి. నరసరావుపేట నుండి ఈ నగరానికి వచ్చి పదేళ్ళు అద్దె ఇళ్ళలో గడిపి, ఆ తర్వాత సొంత ఇంటి కోసం మూడు రంజాన్‌లు తిరిగిన వారం. ఆ తిరుగుడులో తెలుసుకున్నది నలుగురికీ చెప్పమని నిర్వాహకులు కోరారు.

ఈ సభలో ఉన్నవారిలో చాలామంది ఇదే ప్రశ్నతో వచ్చి ఉంటారు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే చోట కొనాలా, అందరూ కలిసి ఉండే చోట కొనాలా? మా విషయంలో ఆ రెండు చోట్ల పేర్లు టోలిచౌకి, మియాపూర్. మీలో కొందరికి అవి సంతోష్‌నగర్, ఎల్.బి.నగర్ కావచ్చు, విజయవాడ, గుంటూరు, నెల్లూరులలో ఉన్నవారికి వేరే పేర్లు కావచ్చు. ప్రశ్న మాత్రం అదే.

రెండు తలుపులు

పదేళ్ళ క్రితం మేము మొదట వెతికింది మియాపూర్‌లోనే. మా జిల్లా వారు, మా యాస వారు అక్కడే ఎక్కువ. పాల ప్యాకెట్టు అడిగినా, ఆటో బేరమాడినా మా తెలుగు అక్కడ పరాయిగా వినబడదు. ఒక ప్రకటన చూసి ఫోన్ చేశాము. యజమాని ఎంతో ఆప్యాయంగా మాట్లాడారు. "ఏ ఊరండీ మీది?" అన్నారు. నరసరావుపేట అనగానే, "మా అమ్మమ్మగారిది ఆ పక్కనేనండీ" అని సంతోషించారు. కోటప్పకొండ తిరునాళ్ళ గురించి, మా ఊరి మిర్చి గురించి పది నిమిషాలు మాట్లాడుకున్నాము. చివరకు పేరు అడిగారు. చెప్పాము. కాసేపు మాట లేదు. ఆ తర్వాత, "మా ఆవిడను అడిగి చెబుతానండీ" అన్నారు. ఆ ఫోను నేటికీ రాలేదు.

రెండో చోట మధ్యవర్తి నేరుగానే చెప్పాడు: "మీరు మంచివాళ్ళే సార్, అపార్ట్‌మెంట్లో ఒప్పుకోరు." మూడో చోట మాంసం వండరాదనే షరతు పెట్టారు. ఆ ఇంటివారే ప్రతి ఆదివారం కోడికూర వండుకుంటారని కింద కాపలా ఉండే మనిషి చెప్పాడు. తాము తినేదే మా వంటింట్లో ఉడికితే అభ్యంతరమైంది.

టోలిచౌకిలో ఒక్క రోజులో ఇల్లు దొరికింది. ఎంతమంది ఉంటారు, అడ్వాన్సు ఎప్పుడిస్తారు అన్నవి తప్ప యజమాని మరేమీ అడగలేదు. ఐదుపూటలా అజాన్ వినబడేది. ఆడవాళ్ళు రాత్రి పదింటికి కూడా నిస్సంకోచంగా అంగడికి వెళ్ళి వచ్చేవారు. అయితే అక్కడ మాకు ఎదురైన ప్రశ్న వేరు. మా గుంటూరు ఉర్దూ విని పొరుగువారు నవ్వుకునేవారు. ఇంట్లో మేము తెలుగులో మాట్లాడుకుంటుంటే ఒక పెద్దావిడ మా అమ్మాయిని, "మీరు నిజంగా ముసల్మానులేనా బేటీ?" అని అడిగింది. అందులో ద్వేషం లేదు, ఆశ్చర్యమే ఉంది. ఒకచోట మా పేరు అడ్డు, మరొకచోట మా భాష వింత. తెలుగు ముస్లింల బతుకు ఈ రెండింటి మధ్యనే ఉందని మాకు అప్పుడు అర్థమైంది.

రెండు బస్తీలు ఎలా ఏర్పడ్డాయి

టోలిచౌకి ఇలా ముస్లింల చిరునామా కావడానికి కారణాలున్నాయి. 1970ల నుండి గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారి సంపాదన ఈ వైపు ఇళ్ళ రూపం దాల్చింది. 1990 డిసెంబరు అల్లర్ల తర్వాత ఇరువర్గాలవారూ మిశ్రమ గల్లీలను విడిచి తమవారి మధ్యకు తరలిపోయారు. పాతబస్తీ ఇరుకు నుండి బయటపడాలనుకున్న మధ్యతరగతి ముస్లిం కుటుంబాలకు మెహిదీపట్నం, టోలిచౌకి ఆశ్రయమిచ్చాయి. ముస్లింలు భద్రత కోసం ఒకేచోట గుమిగూడుతున్నారని, ఇతర ప్రాంతాలలో ఇళ్ళు దొరకడం వారికి కష్టమవుతున్నదని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక నమోదు చేసింది. భయం కొంత, మూసిన తలుపులు కొంత, బంధుప్రీతి కొంత కలిసి ఒక బస్తీని కడతాయి.

మియాపూర్ చరిత్ర చూస్తే మరో ఆశ్చర్యం. మియాపూర్, హఫీజ్‌పేట, మసీద్‌బండ అనే పేర్లను ఒక్కసారి పలికి చూడండి. మన పేర్లున్న ఊళ్ళలోనే మన పేరు చెబితే ఇల్లు దొరకని రోజులు వచ్చాయి.

మేము ఒక నోటు పుస్తకంలో రెండు నిలువు గడులు గీసి, ప్రతి అంశాన్నీ ఎదురెదురుగా రాసుకున్నాము. ప్రయాణం విషయంలో మియాపూర్‌దే పైచేయి. 2017 నవంబరులో మెట్రో మొదలైనప్పుడు దాని తొలి అంచు మియాపూరే. అమీర్‌పేట, నాంపల్లి, ఎల్.బి.నగర్‌లకు రైలు దిగకుండా పోవచ్చు. చదువుకునే ఆడపిల్ల ఒంటరిగా భద్రంగా వెళ్ళి రాగలదు. టోలిచౌకికి నేటికీ మెట్రో లేదు. 2022 జనవరి 1న షేక్‌పేట ఫ్లైఓవర్ తెరిచాక గచ్చిబౌలి ప్రయాణం తేలికైన మాట నిజమే, కాని వంతెన వాహనం ఉన్నవారికే ఎక్కువ మేలు చేస్తుంది.

పిల్లల భాష విషయంలో ఇద్దరికీ సమాన నష్టం కనబడింది. 2018 చట్టం ప్రకారం తెలంగాణ పాఠశాలలన్నింటిలో తెలుగు బోధించాలి. అయినా బడిలో చదివే భాష వేరు, వీధిలో ఆడుకునే భాష వేరు. టోలిచౌకిలో మా పిల్లల తెలుగు పాఠ్యపుస్తకానికే పరిమితమైంది. మియాపూర్‌లో ఉంటే ఉర్దూ కూడా అలాగే అవుతుంది. ఎక్కడ ఉన్నా వీధి ఇవ్వని భాషను ఇల్లే ఇవ్వాలని తేల్చుకున్నాము.

ఇక మసీదు, మదర్సా, హలాల్ అంగడి, పెళ్ళికీ చావుకీ పిలవకుండానే వచ్చే మనుషులు. ఈ గడిలో టోలిచౌకికి ఎదురు లేదు. ఇది చిన్న విషయమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అర్ధరాత్రి జ్వరం వచ్చినప్పుడు తలుపు తట్టగల ఇల్లు ఎంత విలువైనదో ఏ ధరల పట్టికా చెప్పదు.

నీటిని అడగండి

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానను ఈ నగరం మరచిపోలేదు. షాహాతిం చెరువు పక్కనున్న నదీం కాలనీ నీట మునిగింది. నాలుగు రోజుల తర్వాత బాలాపూర్ వద్ద గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్‌బాబానగర్ వైపు ఇళ్ళలోకి నీరు దూసుకువచ్చింది. మునిగిన ఇళ్ళలో ఎన్నో జీవితకాలపు గల్ఫ్ సంపాదనతో కట్టినవి.

మనవారి మధ్య ఉండాలనే ఆరాటంలో మనం పల్లపు స్థలాలను కొన్నాము. వేరే చోట దొరకనివారికి చెరువు శిఖం భూమిని చౌకగా అంటగట్టినవారు ఉన్నారు. వారిలో మనవారూ ఉన్నారు. ఈ మాట చేదుగా ఉన్నా చెప్పక తప్పదు.

అయితే నీటికి మతం లేదు. 2024 సెప్టెంబరులో హైడ్రా కూకట్‌పల్లి నల్లచెరువు వద్ద, మియాపూర్‌కు దగ్గరలోని అమీన్‌పూర్ వైపు కట్టడాలను కూల్చింది. కాబట్టి రెండుచోట్లా ఒకే పరీక్ష పెట్టాలి. చెరువు పూర్తి నీటిమట్టాన్ని ఎఫ్‌టీఎల్ అంటారు. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, ఆపైన విస్తీర్ణం గల చెరువుకు ఎఫ్‌టీఎల్ నుండి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకు 9 మీటర్లు బఫర్‌గా విడిచిపెట్టాలి. హెచ్‌ఎండీఏ చెరువుల పటాలను అందరికీ అందుబాటులో ఉంచింది. పటం చూశాక, ఆ వీధిలో ఇస్త్రీ చేసే మనిషినో కిరాణా కొట్టు పెద్దాయననో అడగండి: "2020లో నీళ్ళు ఎంతవరకు వచ్చాయి?" ఆయన గోడ మీద చేయి పెట్టి చూపిస్తాడు. టోలిచౌకిలో మాకు బాగా నచ్చిన ఒక ఫ్లాటును మేము వదులుకున్నది అలా చేయి పెట్టి చూపిన ఎత్తును చూసే.

కాగితాన్ని అడగండి

ఇల్లు మనసుకు నచ్చిన తర్వాత కాగితాలు చూస్తే లోపాలు కనబడవు. కాగితాలు చూశాకే ఇంటిని మనసులో పెట్టుకోవాలి.

మొదటిది, నోటరీ కాగితం. పాతబస్తీలోను, దాని చుట్టుపక్కల కాలనీలలోను వేలాది కుటుంబాల చేతిలో ఉన్నది ఇదే. వంద రూపాయలు, ఆపైన విలువగల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతున్నది. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద జరిపే అమ్మకం యాజమాన్య హక్కును బదలాయించదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. నోటరీ ఇళ్ళ క్రమబద్ధీకరణకు రాష్ట్ర ప్రభుత్వం 2023లో జీవో 84 తెచ్చింది. ఇప్పటికే అలాంటి ఇంట్లో ఉన్నవారు అలాంటి అవకాశాలను విడిచిపెట్టకూడదు. కొత్తగా కొనేవారు మాత్రం, "తర్వాత రెగ్యులరైజ్ అవుతుంది" అన్న మాట మీద జీవితకాలపు పొదుపును పెట్టకూడదు.

రెండవది, రిజిస్టరైన కాగితమూ పూర్తి భరోసా కాదు. 2017లో మియాపూర్‌లోనే వందల ఎకరాల ప్రభుత్వ భూమిని ప్రైవేటు పేర్ల మీద రిజిస్టరు చేసిన కుంభకోణం బయటపడింది. అందువల్ల ఈ.సీ.తో పాటు పాత లింకు దస్తావేజులు, సర్వే నంబరు, నిషేధిత ఆస్తుల జాబితా చూడాలి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద ఉండే ఆ జాబితాలో ప్రభుత్వ భూములే కాదు, వక్ఫ్, దేవాదాయ భూములూ ఉంటాయి. వక్ఫ్ భూమి అమ్మకం చట్టరీత్యా చెల్లదు. దానిని కొనడం ధర్మం దృష్టిలో ఏమవుతుందో ఈ సభకు వేరే చెప్పనక్కరలేదు. మణికొండ దర్గా భూముల వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2022 ఫిబ్రవరిలో ప్రభుత్వానికి అనుకూలంగా ముగిసింది. వక్ఫ్ భూముల రక్షణకు సభలు పెట్టే మనం, ఇల్లు కొనేటప్పుడు వక్ఫ్ గెజిట్ ఒకసారి తిరగేయడం మరచిపోతున్నాము.

మూడవది, టోలిచౌకి వైపు కొనేవారికి ప్రత్యేకం. గోల్కొండ కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది. అటువంటి కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆ తర్వాతి 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. కోట గోడ నీడలో ఇల్లు చౌకగా వస్తున్నదంటే కారణం ఆలోచించాలి.

నాల్గవది, మన ఇళ్ళలోని వారసత్వం. మేము చూసిన ఇళ్ళలో ఒకటి తండ్రి మరణానంతరం ముగ్గురు అన్నదమ్ములు అమ్ముతున్నది. ఇద్దరు అక్కచెల్లెళ్ళ సంతకాల గురించి అడిగితే, "వాళ్ళ పెళ్ళిళ్ళకే చాలా ఖర్చు పెట్టాం భాయీ, వాళ్ళు ఏమీ అడగరు" అన్నారు. కూతురి వాటాను ఖుర్ఆన్ నిర్ణయించింది. దానిని అన్నదమ్ముల ఉదారతకు వదిలిపెట్టలేదు. ఆ ఇద్దరి సంతకాలు లేకుండా కొంటే వారి హక్కును మనం కూడా తిన్నట్టే, పైగా రేపు కోర్టు మెట్లు ఎక్కవలసివస్తుంది. మేము ఆ ఇంటి గుమ్మం నుండి తిరిగి వచ్చేశాము.

దీనితో ముడిపడినదే హిబా. మన ధర్మశాస్త్రం ప్రకారం ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకోవడం, స్వాధీనపరచడం జరిగితే నోటిమాట దానమూ చెల్లుతుంది. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2011లో ఒక ఆంధ్రప్రదేశ్ కేసులో నిర్ధారించింది. అంటే తండ్రి బతికుండగానే ఆ ఇంటిని ఒక కూతురికి హిబా చేసి ఉండవచ్చు, అది ఈ.సీ.లో కనబడకపోవచ్చు. కాబట్టి ఇంట్లో ఎవరు ఉంటున్నారో, ఏ హక్కుతో ఉంటున్నారో, మొహల్లా పెద్దలను, బంధువులను విచారించాలి. ఇది ఇంగ్లీషు దస్తావేజులు మాత్రమే చదివే న్యాయవాదికి తట్టని విషయం. మనకు తట్టాలి.

ఐదవది, విదేశాలలో ఉన్న యజమానులు. టోలిచౌకిలో ఎన్నో ఇళ్ళ యజమానులు జెద్దాలోనో దుబాయిలోనో ఉంటారు, అమ్మేది ఇక్కడి తమ్ముడో బావమరిదో. వారి చేతిలోని పవర్ ఆఫ్ అటార్నీ అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించినదై ఉండాలి, భారతదేశానికి చేరిన మూడు నెలలలోగా స్టాంపు వేయించినదై ఉండాలి. వీడియో కాల్‌లో అసలు యజమానితో నేరుగా మాట్లాడండి. ఇక పన్ను సంగతి. ఇక్కడ నివసించే వ్యక్తి నుండి 50 లక్షలు, ఆపైన విలువగల ఆస్తి కొంటే ఒక శాతం టీడీఎస్ కోయాలి. అమ్మేవారు ప్రవాస భారతీయులైతే ఆ 50 లక్షల పరిమితి వర్తించదు, కోయవలసిన పన్ను కూడా చాలా ఎక్కువ. కోయకపోతే బాధ్యత కొన్నవారిదే. నగదు విషయంలోనూ జాగ్రత్త అవసరం. స్థిరాస్తి అడ్వాన్సుగా 20 వేలు, అంతకుమించి నగదు పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం.

కొత్త అపార్ట్‌మెంట్లు కొనేవారు రెరా నమోదు చూడాలి. 500 చదరపు మీటర్ల స్థలం, ఎనిమిది ఫ్లాట్లు దాటిన నిర్మాణాలకు అది తప్పనిసరి. రిజిస్టరైన ఒప్పందం లేకుండా పది శాతానికి మించి డబ్బు తీసుకునే హక్కు బిల్డరుకు లేదు. నిర్మాణ లోపాలకు ఐదేళ్ళ బాధ్యత అతనిదే.

డబ్బు గురించి ఒక్క మాట. వడ్డీ లేని గృహరుణం మన బ్యాంకులలో దొరకదు. ఇస్లామీ బ్యాంకింగ్ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోకూడదని రిజర్వు బ్యాంకు 2017లో నిర్ణయించింది. మేము ఊరి స్థలం అమ్మి, అన్నదమ్ముల వద్ద ఖర్జె హసనా తీసుకుని కొన్నాము. అందుకే చిన్న ఇల్లుతో సరిపెట్టుకున్నాము. ఇతరుల పరిస్థితిపై తీర్పు చెప్పడం మా పని కాదు, మీరు నమ్మే ఉలమాలను అడగండి. సొంతవారి వద్ద తీసుకున్నా సరే, అప్పును సాక్షులతో కాగితం మీద రాసుకోండి. ఇంటిని భార్యాభర్తలిద్దరి పేర్ల మీదా రిజిస్టరు చేయించండి.

మూసిన తలుపు, చట్టం

దేశంలో ఎక్కడైనా నివసించే, స్థిరపడే హక్కును రాజ్యాంగం 19వ అధికరణ పౌరులందరికీ ఇచ్చింది. 15వ అధికరణ మతం ఆధారంగా వివక్ష చూపవద్దని ప్రభుత్వాన్ని శాసించింది. కాని ఒక ప్రైవేటు యజమాని మా పేరు విని ఫోన్ పెట్టేస్తే ఏ గుమ్మం తొక్కాలి? నేరుగా సమాధానమిచ్చే గృహ వివక్ష నిషేధ చట్టం ఈ దేశంలో లేదు. అహ్మదాబాదులోని ఒక పార్సీ సహకార గృహ సంఘం తమవారికే సభ్యత్వమిచ్చే నియమాన్ని సుప్రీంకోర్టు 2005లో సమర్థించింది. వివక్షపై ఫిర్యాదులు వినేందుకు సమాన అవకాశాల కమిషన్ ఉండాలని సచార్ కమిటీ సిఫారసు చేసింది. ఆ కమిషన్ నేటికీ ఏర్పడలేదు.

అదే అహ్మదాబాదును చూస్తే మన ముందున్న ప్రమాదం అర్థమవుతుంది. అక్కడ 1991 నాటి కల్లోలిత ప్రాంతాల చట్టం ప్రకారం నోటిఫై చేసిన చోట ఆస్తి అమ్మాలంటే కలెక్టరు ముందస్తు అనుమతి కావాలి. 2002 తర్వాత న్యాయవాదులు, వైద్యులు, కూలీలు అన్న తేడా లేకుండా ముస్లింలు జుహాపురాకు చేరుకున్నారు. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో అటువంటి చట్టం లేదు. ఇక్కడ తలుపులు మూసుకుంటున్నాయి గాని తాళాలు పడలేదు. ఆ తేడాను మనం కాపాడుకోవాలి.

అలా కాపాడుకోవాలంటే మన తలుపులు ఎలా ఉన్నాయో కూడా చూసుకోవాలి. దళిత కుటుంబానికి అద్దెకివ్వని ముస్లిం యజమానిని మేము చూశాము. టోలిచౌకిలో చదువుకునే ఆఫ్రికా విద్యార్థులను తేలికగా మాట్లాడేవారిని చూశాము. నూర్‌బాషా కుటుంబమని తెలిసి గొంతు మార్చిన మనవారినీ చూశాము. నిసా సూరా 36వ ఆయత్ బంధువైన పొరుగువానితో పాటు పరాయివాడైన పొరుగువాని పట్ల కూడా మేలు చేయమని ఆదేశిస్తున్నది. ఆ ఆదేశాన్ని ఇతరులకు వినిపించే ముందు మనం వినాలి.

మేము ఏం చేశాము

చివరకు మేము కొన్నది మియాపూర్‌లో, తొమ్మిదేళ్ళ వయసున్న ఒక చిన్న అపార్ట్‌మెంటులో రెండు పడకగదుల ఫ్లాటు. ఏదో సాహసం చేద్దామని వెళ్ళలేదు. కాగితాలు శుభ్రంగా ఉన్నాయి, స్థలం మెరకలో ఉంది, అమ్మాయి కాలేజీకి మెట్రో ఉంది. అమ్మిన పెద్దాయన రిటైరైన ఉపాధ్యాయుడు. సంఘంలో ఒకరిద్దరు అభ్యంతరం చెబితే, "ఇల్లు నాది, నాకు నచ్చినవారికి అమ్ముతాను" అన్నారట. ఈ సంగతి ఏడాది తర్వాత మూడో అంతస్తు ఆంటీ చెబితే తెలిసింది. అప్పుడు ముభావంగా ఉన్న ఆ ఆంటీయే ఇప్పుడు మా ఇంటి తాళంచెవి తన దగ్గర ఉంచుకుంటారు.

మా చెల్లెలి కుటుంబం అదే ఏడాది టోలిచౌకిలో, మెరక మీద, అక్కచెల్లెళ్ళందరి సంతకాలతో ఒక ఇల్లు కొన్నది. వారి పిల్లలు చిన్నవారు, అత్తగారు మంచంలో ఉన్నారు, తోడు కావాలి. వారి నిర్ణయమూ సరైనదే. రెండు బస్తీలలో ఏది గొప్పదో చెప్పేందుకు మేము ఇక్కడకు రాలేదు.

మా నోటు పుస్తకంలో మేము రాయడం మరచిన అంశం ఒకటుంది. మియాపూర్‌కు వచ్చిన రెండో ఏట మా నాన్నగారు ఆ ఇంట్లోనే కన్నుమూశారు. గుసుల్‌కు మనుషులు దొరికారు, కింది అంతస్తువారు వరండా అంతా ఖాళీ చేసి కుర్చీలు వేశారు. ఖబ్రస్తాన్ మాత్రం దొరకలేదు. దగ్గరలో ఉన్నచోట స్థానికులకే చోటు లేదన్నారు, దూరంగా ఉన్నచోట తమ మొహల్లావారికే అన్నారు. రాత్రికి రాత్రి నరసరావుపేటకు తీసుకువెళ్ళాము. దారిపొడుగునా మా ఇద్దరి మనసుల్లోనూ ఒకటే మాట. ఉండడానికి ఇల్లు కొన్నాము, పోతే చోటు ఎక్కడో అడగలేదు.

అందుకే ఈ సభ నుండి మూడు పనులు మొదలుపెట్టమని కోరుతున్నాము. ఇల్లు కొనబోయే ప్రతి కుటుంబంతో పాటు కాగితాలు, నీటిమట్టం చూసేందుకు మనలో తెలిసినవారు ఇద్దరు వెళ్ళాలి. నగరం పడమటి వైపు కొత్త కాలనీలలో ఖబ్రస్తాన్‌కు స్థలం కేటాయించాలని కలెక్టరుకు, వక్ఫ్ బోర్డుకు ఉమ్మడిగా అర్జీ ఇవ్వాలి. హిందూ శ్మశానానికి, క్రైస్తవ సమాధుల తోటకు స్థలం లేని కాలనీలు కూడా ఉన్నాయి గనుక వారినీ కలుపుకోవాలి. మూడవది, ఇల్లు నిరాకరించిన ప్రతి సందర్భాన్నీ తేదీతో, మాటలతో రాసిపెట్టాలి. రేపు సమాన అవకాశాల చట్టం అడిగే రోజున మన చేతిలో కన్నీళ్ళతో పాటు సాక్ష్యమూ ఉండాలి.

ఆ పదేళ్ళనాటి ఫోను రాకపోవడం మమ్మల్ని చాలాకాలం బాధించింది. ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో ఒక వాటా ఖాళీ అయితే అద్దెకు అడుగుతూ వచ్చేవారిని ముందుగా పలకరించేది మేమే. ఏ ఊరని అడుగుతాము, మంచినీళ్ళు ఇస్తాము. పేరు అడిగాక కూడా మాట ఆపకుండా యజమాని నంబరు ఇస్తాము.

అల్లాహ్ మనందరి ఇళ్ళకూ శాంతిని, మంచి పొరుగును ప్రసాదించుగాక. ఆమీన్.